మజ్జిగ మర్యాద

సాగర్, మే 1994

ఐలేశం బావకు,

ఈ ఉత్తరం అందగానే తాపీ, సమ్మెట పట్టుకుని ఆలేరులో బస్సెక్కు. మా గెస్ట్‌హౌస్‌లో బాత్రూం తలుపు వెడల్పు చెయ్యాలి. మేనేజర్ నరహరి సారు ఒప్పుకున్నారు. ఆయన మనసు మారకముందే గోడ పగలాలి.

ఎట్లా ఒప్పుకున్నారంటావా? నడవలేని యాత్రికులను ఎలా చూసుకోవాలో మాకు నేర్పడానికి హైదరాబాదు నుంచి ఒక మేడం వచ్చారు. సారును చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, "ఇయ్యాల మీరే అతిథి. సాయంత్రం దాకా లేవద్దు" అన్నారు. అతిథికి మర్యాద చెయ్యమని నాకు చెప్పారు. అసలే ఎండాకాలం. నేను మజ్జిగ మీద మజ్జిగ ఇచ్చాను. ఆ పైన చాయ్ కూడా పోశాను.

కాసేపటికి కుర్చీ బాత్రూం తలుపులో ఇరుక్కుంది. "గీ తలుపు గింత ఇరుకుగ ఎవడు పెట్టిండురా? మేడం, జర లేస్త!" అన్నారు సారు.

"మీరే పెట్టించిన్రు సార్. ఇంకింత మజ్జిగ తాగుతరా?" అన్నాను.

"రేపే గోడ కొట్టిస్త!" అని సారు ఒట్టేశాకే మేడం లేవనిచ్చారు.

పోయినేడు జాహేదా టీచరమ్మ చక్రాల కుర్చీలో వచ్చినప్పుడు, ఎన్నిసార్లు అడిగినా చాయ్ వద్దన్నారు. నా చాయ్ నచ్చలేదేమోనని అలిగాను. ఎందుకు వద్దన్నారో మొన్న సారు మొహం చూశాక తెలిసింది. ఆమె వచ్చే వారం మళ్లీ వస్తున్నారు.

జల్ది రా బావా. ఈసారి టీచరమ్మకు నిండు గ్లాసు చాయ్ పోస్తాను.

నీ బామ్మర్ది