మేనమామ ఒడి

బెల్లంపల్లి, 1961

రాజక్కకు నమస్కారం.

కిష్టవ్వ మీకు దత్తత ఇచ్చిన బాబు నా కొడుకు. బొగ్గుబాయి పనిలో ఉన్న నాకు ఆలస్యంగా తెలిసింది. కరీంనగర్ వకీలును అడిగితే, "మీ ఇద్దరికి పెండ్లి కాలే గదా, తల్లి ఇస్తే చాలు. నిన్నెవరడుగుతరు?" అన్నాడు. కోపమొచ్చింది గానీ, మీ దగ్గరనుంచి వాణ్ణి గుంజుకోను.

వేములవాడలో వాడి పుట్టువెంట్రుకలు తీయిస్తున్నారట. మేనమామ ఒడిలో కూర్చోబెట్టాలి కదా, మీకేమో అన్నదమ్ములు లేరు. ఆ ఒక్క పూటకు నన్ను తమ్ముణ్ణి చేసుకోండి. ఇంతవరకు నేను వాణ్ణి ఎత్తుకోలేదు. గోళ్లలో బొగ్గు పోయేదాకా తోముకొని వస్తాను.

కత్తికి జడిసి ఏడిస్తే, "మామ పట్టుకున్నడు బిడ్డా, ఏడ్వకు" అనండి. నేనూ వాడితో మామననే చెప్తాను.

మీరొప్పుకుంటే,
మీ తమ్ముడు