సముద్రానికి కిటికీలు

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. రొద్దంలో తమ్ముడు నీ సంవత్సరీకం పెడుతున్నాడు. నాకు సెలవు దొరకలేదు. నువ్వెప్పుడూ చూడని సముద్రం ఒడ్డున సీసాల్లో నీళ్లు పడుతున్నాను.

ల్యాబు పని ఇదే. పొద్దున, మధ్యాహ్నం నీళ్లు పట్టి, అందులో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో చూడాలి. తెల్లవారేసరికి బాగా ఎక్కువగా ఉంటుంది. నీళ్లలోని ప్రాణులన్నీ రాత్రంతా ఊపిరి వదిలి ఉంటాయి కదా. ఎండెక్కాక కంటికి ఆనని నాచు దాన్ని పీల్చుకుంటుంది. మధ్యాహ్నానికి తగ్గుతుంది.

మన పట్టుపురుగుల షెడ్డు గుర్తొస్తుంది. పొద్దున్నే మల్బరీ ఆకు వేయబోతే నువ్వు ఆపేవాడివి. "రాత్రంతా ఊపిరి ఇడిసింటాయి పాపా, ముందు కిటికీలు తెరువు" అనేవాడివి.

ఈ ఏడు తమ్ముడు పురుగులు పెంచడం మానేశాడు. ఇందాక ఫోన్ చేశాడు.

"షెడ్డులో ఏమీ లేదు అక్కా. అయినా లేస్తానే పోయి కిటికీలు తెరుస్తాండా."



ఇక్కడ పొద్దుటి నుంచీ మబ్బు. ఎండ లేక, మధ్యాహ్నమైనా నీళ్లలో ఆ కార్బన్ డయాక్సైడ్ తగ్గనే లేదు. నమ్మకం కుదరక మళ్లీ పట్టి చూశాను. అంతే ఉంది.

హిందూపురం ఆసుపత్రిలో ఊపిరాడక నా చెయ్యి పట్టుకుని, "కిటికీ తెరువు పాపా" అన్నావు. తెరుస్తానని లేచాను. అన్నీ అప్పటికే తెరిచి ఉన్నాయి నాయనా.