డెబ్బై దగ్గర ముల్లు

1983 జులై 4, సోమవారం. సాయంత్రం 7:00
కైకోబాద్ సేఠ్ కంటి ఆపరేషన్‌కు పుణె వెళ్లారు. మూడు వారాలు. గ్రాంట్ రోడ్‌లో ఆయన అద్దె పుస్తకాల లైబ్రరీలో కార్డులు రాసేది నేనే. వెళ్తూ తన సిగార్ల పెట్టె నా చేతిలో పెట్టారు. లోపల ఇరవై నాలుగు సిగార్లు, ఒక స్పాంజి, తేమ ఎంతుందో చూపే చిన్న ముల్లు.
"ముల్లు డెబ్బై దగ్గర ఉండాలి. ప్రతి సోమవారం స్పాంజి తడపాలి. ఇది చక్కగా చూసుకుంటే లైబ్రరీ తాళాలు నీకే ఇస్తా."
మూడు వేల పుస్తకాలు! తల ఊపాను.
నిర్ణయం: రోజూ ఉదయం ఆరుకు, సాయంత్రం ఏడుకు ముల్లు చూసి ఇక్కడ రాయాలి. ఒక్క పూటా తప్పకూడదు.

జులై 5
ఉ. 70. సా. 70. ఎంత బుద్ధిమంతురాలైన ముల్లు!

జులై 8
ఉ. 76. సా. 79. కామాటిపురలో మూడు రోజులుగా ఆగని వాన. వరుస గదుల చాలీలో మాది ఒక్కటే గది. మనుషులం ఐదుగురం, దండెం మీద తడి చీరలు ఏడు. ముల్లు తప్పేం లేదు. పెట్టెను బియ్యం డబ్బా పక్కకు మార్చాను.

జులై 11, సోమవారం
ఉ. 85. డెబ్బై ఉండాలన్నారు. సోమవారం స్పాంజి తడపాలనీ అన్నారు. రెండూ కలిసి కుదరడం లేదు. చెప్పిన పని చెప్పినట్టు చేయాలని కాన్వెంటులో సిస్టర్లు పదేళ్లు నేర్పారు.
తడిపాను.
సా. చూడలేదు. కరెంటు పోయింది.

జులై 14
ఉ. 91. మూడు సిగార్ల మీద తెల్లటి నూగు. అమ్మ పౌడరు పడి ఉంటుంది.
సా. పౌడరు కాదు. ఐదు సిగార్లు.

జులై 15
నాయనమ్మ చూసేసింది.
"ఏందే పోరీ, ఆ పేటీల దాస్తున్నవ్? ఓయమ్మ, చుట్టలు! బూజు పట్టిచ్చినవ్ గదనే!"
"సేఠ్‌జీవి, నాయనమ్మా. తడిగానే ఉంచాలట."
"ఎవడే ఆ పాగల్ సేఠు? పొగాకును తడిల పెడ్తడా? ముప్పై ఏండ్లు బీడీలు చుట్టిన, నాకు చెప్తున్నవా?"
పెట్టె మూసి బియ్యం డబ్బా వెనక్కి నెట్టాను.

జులై 17, ఆదివారం
కింద కుళాయి దగ్గర గంటసేపు వరుసలో నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి మెట్ల దాకా పొగాకు వాసన! వానాకాలంలో బీడీలు ఆరబెట్టినట్టే, నాయనమ్మ సిగార్లన్నీ జల్లెడలో పోసి బొగ్గుల సిగ్డీ మీద పెట్టింది. బూజు పోయింది. పైన చుట్టిన ఆకులు పగిలాయి. లెక్కపెడితే ఇరవై మూడు.
"ఒకటి తక్కువుంది, నాయనమ్మా."
"మంచిగ ఎండినయో లేదో చూడొద్దా?"
పక్క గది రత్నాబాయి కూడా చూసిందట. చెరి సగం.
ముల్లు 38. కొత్త రికార్డు!

జులై 18, సోమవారం
స్పాంజి రోజు. తలనొప్పి.

జులై 21
ముల్లు చూడలేదు. నాయనమ్మ మాత్రం సిగార్లు చూస్తూనే ఉంది. ఇప్పుడు ఇరవై ఒకటి.

జులై 25, సోమవారం
సేఠ్‌జీ లైబ్రరీకి వచ్చారు, నల్లకళ్లద్దాలతో. పెట్టె తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన వేలు తగిలితే చాలు, సిగార్ల ఆకు పెళపెళా రాలింది.
గది కప్పు కారిందని చెబుదామని దారంతా వల్లెవేసుకున్నాను. తీరా ఆయన ఎదురుగా నిలబడ్డాక ఈ పుస్తకం తీసి అంకెలన్నీ చదివాను. ఎనభై ఐదు దగ్గర ఆపారు.
"అరే, ఇంత వానలో స్పాంజి ఎవరు తడపమన్నారు?"
"మీరే."
నా గొంతేనా అది! పత్రికలు చదువుకుంటున్న ముగ్గురూ తలెత్తారు.
సేఠ్‌జీ అద్దాలు తీసి తుడుచుకున్నారు. "నిజమే. వానాకాలం పొడిగా ఉంచమని చెప్పాల్సింది. నువ్వైనా అడగొచ్చుగా? నోరుంది కదా!"
తాళాలు ఇవ్వలేదు. దీపావళికి చూద్దామన్నారు. డాక్టరు దసరా దాకా పొగ వద్దన్నాడట, ఇంట్లో ఉంటే ఆగలేనని పన్నెండు కొత్త సిగార్లు పెట్టి పెట్టె మళ్లీ నాకే ఇచ్చారు.

జులై 26
ఉ. 6:00. ముల్లు 70. స్పాంజి పొడి.
నిర్ణయం: రెండు పూటలా చూడాలి, రాయాలి. అవసరమైతే ఎదురు చెప్పాలి. నాయనమ్మతోనే మొదలుపెట్టాను.
"ఈ పెట్టె ఇక ముట్టుకోవద్దు, నాయనమ్మా!"
"అబ్బో, నోరొచ్చిందే పోరికి! ముట్టను తియ్."
పెట్టె వైపే చూస్తూ, మెల్లగా:
"మల్ల బూజు ఎన్ని దినాలకు పడ్తదే?"