గౌరి పలుపు

బుజ్జీ,

మీ అమ్మ రాసేది. నేనూ మీ నాన్నా లేచి తిరుగుతున్నాం, దాన్నే క్షేమం అనుకో. ఆ లాత్వియా చలిలో నీ ఒంట్లో బాగుందని తలుస్తాను. ఫోనులో ఈ మాట చెప్పలేక కాగితం మీద పెడుతున్నాను. పక్కింటి నూకరత్నం ఫొటో తీసి పంపుతానంది.

మీ నాన్న కశింకోటకి చెరకు నరుకుడుకి వెళ్తున్నారు. ఇంట్లో ఉంటే తారక్ ఫొటో కనబడుతుందని. వచ్చే అమావాస్యకి మీ అన్న పోయి ఏడాది. సెలవు దొరకదని బాధపడకు. వచ్చి చేసేదేముంది?

మీ ఆసామి నీకొక మంద అప్పజెబుతానన్నాడు, ఏ జాతి తీసుకోమంటావని అడిగావు. నల్ల ఆంగస్ సులువుగా ఈనుతుంది, మాంసానికి ధర పలుకుతుంది అన్నావు. తెల్లమొహం హియర్‌ఫర్డ్ సాధువు, ఎండుగడ్డితోనే ఒళ్లు చేస్తుంది అన్నావు. కళ్ల మీద జూలు పడే హైలాండ్ పాక లేకుండా మంచులోనే పడుకుంటుంది, కాని ఎదగడం నెమ్మది, కొనేవాళ్లు తక్కువ అన్నావు. నేను చదివింది అయిదో తరగతి. పేడ తీసిన చెయ్యి కాబట్టి చెబుతున్నాను. ధర కావాలంటే నల్లది. నన్నడిగితే జూలుదే తీసుకో. ఎలాగూ లారీ ఎక్కాల్సిందే. నెమ్మదిగా ఎదిగేదయితే నీ దగ్గర నాలుగు రోజులు ఎక్కువ ఉంటుంది.

ఆ పనిలో చేరినప్పుడు నిన్నెన్ని మాటలన్నాను! "మాంసానికి పశువుని పెంచిన కూడు నాకొద్దు" అన్నాను. చుట్టాలకి పాల డెయిరీ అని చెప్పాను. మీ అన్నే నవ్వి నా నోరు మూయించాడు. "అది పశువుల్ని మేపుతంది, అంతే కదేటి. నువ్వు కోడికి సేసేదేటమ్మా?" అన్నాడు.

గౌరి ఈనిందా, దూడకి అన్నయ్య పేనిన పలుపే కట్టమ్మా అని రాశావు. దూడ లేదు బుజ్జీ. గౌరి చూడితో ఉందని రెండుసార్లు అబద్ధం చెప్పాను. గౌరీ లేదు.

దానికి గడ్డి కోస్తుండగానే కదా మీ అన్నని పాము కరిచింది. ఆ తరవాత రోజూ సాయంత్రం వాడు గడ్డి మోపుతో వచ్చే వేళకి చెరకుతోట దారి చూస్తూ అరిచేది. నేను చెవులు మూసుకునేదాన్ని. కార్తీకంలో పశువుల బేరగాడు పరదేశి వచ్చాడు. "కోటవురట్ల రైతుకి అత్తా, పాడికే" అన్నాడు. చూడి నిలవని ఆవు పాడికి ఎవరికి కావాలి? ఎక్కడికి పోతుందో తెలిసే ఇచ్చాను. నిన్ను మాటలన్న నోటితోనే "తోలుకుపో" అన్నాను.

పశువుని అమ్మినా పలుపు ఇంట్లో ఉంచుకోవాలి కదా, పశులక్ష్మి వెళ్లిపోకుండా. బేరగాడే గుర్తుచేశాడు.

"పలుపు ఇప్పుకో అత్తా. మర్సిపోయేవేటి?"

మర్చిపోలేదు. వాడి చేతి పేనుడు చూడలేక, "దాంతోనే తీసుకుపో, నాకేటీ ఒద్దు" అన్నాను. పరదేశి నా మొహం చూసి వెళ్లి వ్యాను తలుపు తీశాడు. గౌరి నా అరచెయ్యి నాకింది. గడ్డికి తీసుకెళ్తున్నాననుకుని దానంతటదే వ్యాను ఎక్కింది.

ఇప్పుడు రోజూ పాకలోకి వెళ్లి ఉత్త మేకు తడుముతున్నాను. మీ అన్న చేతిపని ఈ ఇంట్లో ఆ పలుపొక్కటే ఉండేది. మొన్న దాన్ని తెచ్చిపెట్టమని పరదేశిని అడిగాను. "ఎక్కడని ఎతకమంటావత్తా?" అని తల దించుకున్నాడు. ఇంకో ఆవుని కొందామని అనకు. మేపే మనసు నాకు లేదు. నువ్వు తిరిగొచ్చి పట్టుకోవడానికి కూడా ఇక్కడ ఏదీ మిగల్చలేదు నేను.

లారీ ఎక్కించే రోజు వాటి కళ్లలోకి చూడనన్నావు. చూడకు. నేను చూశాను.

నా మీద కోపం వస్తే రానీ. అది తిండి మీద చూపించకు. వేళకి కడుపు నిండా తిను తల్లీ.

ఇట్లు,
మీ అన్ననీ నిన్నూ కన్న అమ్మ,
కాసులమ్మ