బడి కుండను తోమిన పీచు

వదినా,

సోమవారం మీ ల్యాబు వాళ్లు వచ్చి మా బడి మంచినీళ్ల కుండను పట్టుకుపోతారట. దాని లోపలి నానో పూత ఆర్నెల్లకే పనిచేయడం మానేసింది కాబట్టి ఇక ఏ బడికీ అలాంటి కుండ ఇవ్వరని హెడ్‌మాస్టరు చెప్పారు. ఆ నిర్ణయం మార్పించు. తప్పు పూతది కాదు, నాది.

ఆ కుండ వచ్చాక నాలుగు నెలలు ఒక్క పిల్లా విరేచనాలతో బడి మానలేదు. కంటికి ఆనని వెండి రేణువులు లోపల అంటుకుని క్రిముల్ని చంపుతాయనీ, తోమితే ఊడిపోతాయనీ నువ్వు చెప్పావు. నేను విన్నాను. పాతికేళ్లుగా బడిలో వంటపాత్రలు తోముతున్న చేతులు వింటాయా? పిల్లలు తాగే నీళ్లు కదా అని రోజూ బూడిద వేసి పీచుతో రుద్దాను. నాకు తోముడు పిచ్చని అన్నయ్య ఊరికే అనేవాడు కాదు.

మొన్న మీ వాళ్లు అడిగితే, "నీళ్లతో కడిగి బోర్లిస్తానండీ, అంతే" అన్నాను. పని పోతుందని భయపడ్డాను. ఆ వారమే పదకొండు మంది పిల్లలు మంచం పట్టారు.

నా పని పోతే పోనీ, కుండ పోకూడదు. మళ్లీ పూత వేయించి పంపు. ఈసారి దాని దగ్గరికి పీచు రానివ్వను.

నా మాట మీ వాళ్లు నమ్మరేమోనని ఆ పీచును ఈ కవరులోనే పెట్టాను. మీ మిషను కింద పెట్టి చూడండి. కుండలో లేని వెండి అందులో దొరుకుతుంది.

నీ ఆడపడుచు