మూడో సంచి ఉప్పు

జూన్ 9, సోమవారం

నిన్న వచ్చిన చుట్టాలకు నాన్న నన్నిలా పరిచయం చేశారు: “సిరి నాచారంల సబ్బునీళ్ల కంపెనీకి పోతున్నది, జర టైంపాస్‌కు. బ్యాంకు పరీక్ష రాస్తది గదా.”

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి నేను సీసాలు కడుగుతున్నానని మా ఇంట్లో నమ్మకం. పరీక్ష ఆదివారం. సెంటర్ ఉప్పల్‌లోనే.

జూన్ 11, బుధవారం

రెండు టన్నుల హ్యాండ్‌వాష్ పాడైంది. నురగ కోసం మేం వాడేది ఎస్‌ఎల్‌ఈఎస్, వెన్నలాంటి పేస్టు. నీళ్లలో కలిపి ఉప్పు వేస్తే చిక్కబడుతుంది. పదిహేనేళ్లుగా మిక్సింగ్ చూస్తున్న బుచ్చిరాములన్నకు కొలత కాగితం అక్కర్లేదు. గరిటె ఎత్తి ధార చూస్తాడు. పల్చగుంటే ఉప్పు, అంతే.

మొదటి సంచికి చిక్కబడింది. ఇంకొంచెం కావాలని రెండోది పోశాడు. పల్చబడి జారిపోయింది. మూడోది తెప్పించాడు. ఉప్పు హద్దు దాటింది, ఇంకా వేస్తే ఇంకా పల్చబడుతుందని అడ్డుపడ్డాను.

“గీ ట్యాంకు పెట్టినప్పుడు నువ్వు గౌన్లేసుకొని తిరుగుతున్నవ్ బిడ్డా,” అన్నాడు. అందరూ నవ్వారు. సంచి పడింది. హ్యాండ్‌వాష్ నీళ్లయింది.

రేపటికి బాగుపడకపోతే మొత్తం పారబోయిస్తానన్నారు మేనేజర్ ఉమామహేశ్వర్ సర్. ఆపలేని ట్రైనీ కూడా అక్కర్లేదట. అంటే నేను.

జూన్ 12, ఉదయం 10:40

రెండు బీకర్లలో అదే సరుకు పట్టుకుని ట్యాంకు దగ్గరికే వెళ్లాను. ఒకదాంట్లో అన్న చేతనే ఉప్పు వేయించాను. రెండోదాంట్లో ఉప్పు శాతం తగ్గేలా ఉప్పు లేని ఎస్‌ఎల్‌ఈఎస్ నీళ్లు నేను పోశాను. అన్న బీకర్‌లోది ఇంకా పల్చబడింది. నాది గాజుకడ్డీకి తేనెలా సాగింది.

అన్న రెండు వేళ్ల మధ్య సాగదీసి చూశాడు. తర్వాత పేస్టు డ్రమ్ము తనే దొర్లించుకొచ్చాడు.

మధ్యాహ్నం 3

బ్యాచ్ టెస్టులో పాస్! రిపోర్టు మీద మొదటిసారి నా సంతకం. అన్న తన మనుషులను పిలిచాడు.

“ఇగ మేడం సెప్పందే ఉప్పు సంచి మూతి ఇప్పొద్దు.”

నిన్నటిదాకా బిడ్డను. ట్రైనీ పోస్టు పోలేదు సరికదా, ఆదివారం బ్యాచ్ మొదటి నుంచీ నన్నే చూసుకోమన్నారు సర్. గేటు దాకా గెంతుతూనే వచ్చాను.

జూన్ 13

నాన్న హాల్ టికెట్ రెండు కాపీలు తీయించి ఫ్రిజ్ మీద పెట్టారు.

జూన్ 15, ఆదివారం, ఉదయం 7:10

ఒక కాపీ వెనక ఇవాళ్టి ఉప్పు తూకం రాసుకున్నాను. పరీక్ష రాయను. నాచారం వెళ్తున్నాను.