తూర్పుగట్టు మెత్తగానే ఉంది

ఏమండీ,

నమస్కారం. మీరు వెళ్లాక ఇది రెండో జ్యేష్ఠం. ఉస్లాపూర్‌లో ఇంకా చినుకు పడలేదు. నేను కులాసా అని రాయడం ఆనవాయితీ గనుక రాస్తున్నాను. మిగతాది చదివి నిజమేమిటో మీరే తేల్చుకోండి.

ముందుగా ఒక వదంతిని సరిదిద్దాలి. మీ మీది బెంగతో నేను ఇంటి ఎదుటి చెరువులో, మన డబరీలో, దూకి ప్రాణం తీసుకోబోయానని మన వీధిలో పుట్టిన మాట ఊరి అవతలి దయాల్‌బంద్ దాకా పాకింది. మీ దాకా కూడా వచ్చిందేమో... నమ్మకండి. ఈ ఎండల్లో డబరీలో ఉన్నది మోకాలి లోతు నీరు. అందులో మునిగి చావాలంటే చాలా పట్టుదల కావాలి. నాకు పట్టుదల ఉన్న మాట నిజమే గానీ, నేను దిగింది అందుకు కాదు.

తాబేళ్ల కోసం దిగాను.

డబరీని మీరు చివరిసారి చూసినప్పుడు ఎలా ఉందో గుర్తుందా? ఎప్పుడో రైలుకట్ట వేయడానికి మట్టి తవ్వగా మిగిలిన గొయ్యి. వానలు నింపగా, తుంగ మొలవగా, తామర పట్టగా చెరువైంది. రైల్వే క్వార్టరు వదిలాక ఇల్లు దీని ఎదుటే కట్టుకోవాలని పట్టుబట్టింది మీరే. ఒక చెవికి బండి చప్పుడు, ఒక చెవికి నీటికోడి అరుపు ఉంటే చాలన్నారు.

మీరు వెళ్లిన ఏడాదే అది పాడైంది. కొత్త ఇళ్ల మురుగు అందులోకే వదిలారు. కూల్చిన గోడల పెళ్లలు తెచ్చి పోశారు. గుర్రపుడెక్క నీరు కనబడకుండా కమ్మేసింది. నీటికోళ్లు ఎటో పోయాయి. వరండాలో కూర్చుంటే ఒక చెవి ఊరికే ఉండిపోయింది...

నేను ఊరుకోలేదు. అర్జీలు రాశాను, కార్యాలయాల బెంచీల మీద కూర్చున్నాను, చివరకు కాలనీ కమిటీ వాళ్ల మనసు మార్చాను. వాళ్లకు దక్కవలసిన మెప్పు వాళ్లకు దక్కాలి. మురుగు మళ్లించారు, పెళ్లలు ఎత్తించారు, గుర్రపుడెక్క పీకించారు. పోయిన శీతాకాలానికి తుంగ మళ్లీ లేచింది. ఒక ఉదయం నీటికోడి అరిచింది. మీతో చెప్పాలని లోపలికి వెళ్లాను. మీ ఖాళీ మంచం అంచు దాకా వెళ్లి ఆగాను.

తరువాత ఈ వేసవిలో పూడిక తీయడానికి యంత్రాన్ని తెచ్చారు. నీరు తగ్గి గట్ల వెంట ఎండిన బురదలో ఏ జీవీ ఉండదని వాళ్ల నమ్మకం. తాబేళ్లు ఆ బురదలోనే వేసవంతా నిద్రపోతాయని నేను ముందే చెప్పాను. అమ్మగారూ, బురదలో తాబేళ్లేటండీ, వేడికి ఉడికిపోవేటి, అని నవ్వారు. మీరు ఉంటే నవ్వేవారు కాదు. వెనక కాళ్లు లోపలికి లాక్కుని, పొట్టకింది రేకులను తలుపుల్లా మూసుకునే ఆ జీవికి తలుపుల తాబేలని పేరు పెట్టింది మీరే కదా. మాంసానికి పట్టేవాళ్లు పట్టగా, డబరీలు పూడ్చేవాళ్లు పూడ్చగా, ఇప్పుడు అది చట్టం కాపాడవలసిన జీవుల్లో ఒకటి.

యంత్రం తూర్పువైపు వచ్చేసరికి చీర కుచ్చెళ్లు దోపుకుని దిగి, దాని ఎదుట నిలబడ్డాను. అంతే జరిగింది. మేడ మీద వడియాలు పెడుతున్న పక్కింటి వరలక్ష్మి నన్ను నీళ్లలో చూసి, ఓలమ్మో, సుభద్రమ్మగారు దూకేసినారు అని వీధంతా వినబడేలా కేక పెట్టింది. వదంతి పుట్టుక అది.

యంత్రం ఆగింది. పారలతో మెల్లగా తీస్తే, నా మాట నిజమైంది. బురద ముద్దల్లాగే ఉన్నాయి, తలుపులు మూసుకుని.

అప్పుడు మనవాళ్లు ఏం చేశారో ఊహించగలరా? శ్రీకూర్మం వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చినవాళ్లం కదా... నన్ను చూసి కేక పెట్టిన వరలక్ష్మే తాబేళ్లను చూసి దండం పెట్టింది. స్వామి మన కాడికే వచ్చినాడు అంటూ పెంకులకు పసుపు రాసి, బొట్టు పెట్టి, ఇత్తడి పళ్లెంలో ఊరేగించి గుడి వెనక సిమెంటు తొట్టిలో వదిలింది. పులిహోర కూడా వేశారు. మరునాడు వెళ్లి అన్నింటినీ తెచ్చుకుని, నా కొంగుతో పసుపు తుడిచి, బురదలో పెట్టాను. స్వామిని ఎత్తుకుపోయిందన్న పేరు కూడా వచ్చింది. పరవాలేదు.

మీరు పట్టాల ఇన్‌స్పెక్టరుగా ఉన్న రోజుల్లో కోటా వైపు లైను మీద ఏం చేసేవారో నాకు జ్ఞాపకం వచ్చింది. తొలివానకు పొలం మారే తాబేళ్లు రెండు పట్టాల నడుమ పడి, ఎక్కలేక, ఎండ కాసేదాకా నడిచి నడిచి చచ్చిపోయేవి. మీరు రెండు స్లీపర్ల మధ్య కంకర తీసి, పట్టా కింద జానెడు సందు వదిలేవారు. పని వాళ్లు వింతగా చూస్తే, "లైను మనదే గానీ, దారి ఆటిది కాదేటి?" అనేవారట. ఈ మాట మీరు నాకు చెప్పలేదు. మీరు వెళ్లిన రోజున ఆఖరి చూపుకు వచ్చి వాళ్లే చెప్పారు. నాతో ఎందుకు చెప్పలేదు? నేను పాఠం చెబుతాననా?

ఇప్పుడు అసలు విషయం.

కమిటీ వాళ్లు మొన్న మన ఇంటికి వచ్చారు. నా పట్టుదల వల్లే డబరీ బాగుపడిందట. దానికి గుర్తుగా తూర్పుగట్టును రాతితో కట్టి, మెట్లు వేసి, పైన నల్లరాతి మీద మీ పేరు చెక్కిస్తారట. పైన హిందీలో, కింద తెలుగులో. ఎలా ఉంటుందో కాగితం మీద గీసి చూపించారు. నేను చాలాసేపు చూశాను.

మీ పేరు, మన అక్షరాల్లో... ఈ వీధి పిల్లలకు తెలుగు చదవడం రాదు. ఇంట్లో 'ఏటి' అన్న మాట వినబడి ఎన్నాళ్లయిందో. బండి పోతుంటే ఇప్పటికీ చెవి పెట్టి వింటాను. ఏ జాయింటు దగ్గర చప్పుడు తేడాగా ఉందో నాకూ తెలుస్తోంది. ఎవరితో చెప్పను? అలాంటి ఇంటి ఎదుట, ప్రతి ఉదయం మీ పేరు ఎండలో మెరుస్తుందంటే ఒప్పుకోవాలని అనిపించదా? అనిపించింది. మీ దగ్గర దాచను.

కానీ డబరీకి పడమట రైలుకట్ట కంకర. ఉత్తరాన రోడ్డు. దక్షిణాన ఇళ్ల ప్రహరీలు. మిగిలిన మెత్తని మట్టి తూర్పుగట్టు ఒక్కటే. వానలు తగ్గుముఖం పట్టాక తాబేలు పైకెక్కి, మట్టి తవ్వి గుడ్లు పెట్టుకునేది అక్కడే. అక్కడ రాయి కడితే ఉన్నవి బతుకుతాయి, వాటి తరువాత ఇంకేవీ ఉండవు. బాగుచేశామని చెప్పుకోవడానికి మాత్రం చక్కని చెరువు మిగులుతుంది.

బదిలీ మీద వెళ్లేటప్పుడు మీ వాళ్లు ఫలకం పెడతామంటే, "పట్టా కింద ఎవుడి పేరుంటాదిరా? బండి పోతే చాలు" అన్నారు మీరు. ఆ మాట నాకు గుర్తుంది. కానీ మీరు అన్నారని నేను నిర్ణయించలేదు. అది కూడా మీకు తెలియాలి.

నిన్న ఉదయం కమిటీ అధ్యక్షుడి ఇంటికి నేనే నడిచి వెళ్లాను. రాయి వద్దు, మెట్లు వద్దు, గట్టును మట్టిగానే ఉంచి ముళ్లకంచె వేయించండి, అని చెప్పాను. పేరు కోసమే కదా అమ్మగారూ ఆ కట్టుబడి, పేరే వద్దంటే మాకు మాత్రం ఎందుకు, మీ ఇష్టం, ఆప్ కీ మర్జీ అన్నారాయన. నా వెనకే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డ వరలక్ష్మి, మొగుడి పేరు రాయి మీద వద్దనే ఆడది ఉంటాదేటండీ అని ఏడ్చింది. నాకూ ఏడుపు వచ్చింది. ఇంటికి వచ్చి తలుపు వేసుకునేదాకా ఆపుకున్నాను.

రేపటికి ఈ మాట కూడా దయాల్‌బంద్ చేరుతుంది. భర్త పేరంటే గిట్టని మనిషి అంటారు. ఈ వదంతిని నేను సరిదిద్దను. మీకు మాత్రం నా చేతిరాతలోనే, అందరికంటే ముందు తెలియాలని ఇది రాశాను.

సంతకానికి కూడా డిగ్రీ తగిలిస్తావేటే అని మీరు నవ్వేవారు. తగిలిస్తున్నాను.

తూర్పుగట్టు మెత్తగానే ఉంది. అలాగే ఉంటుంది. దాని మీద మీ పేరు ఉండదు. మిమ్మల్ని అడగలేదు...

మీ
సుభద్ర, బి.ఎస్సీ.